పాత లారీకి క్రొత్త మెదడు

మన యింటికి చేరు బియ్యపు బస్తాయు, గోడకు పూయు సిమెంటును, మందుల దుకాణములోని సీసాయు ఎక్కడో యొకచోట లారీ యెక్కి వచ్చినవే. భీమవరము, కైకలూరు ప్రాంతముల రొయ్యలును చేపలును మంచుగడ్డల నడుమ లారీలలోనే దూరప్రాంతములకు పోవుచున్నవి. అట్టి లారీ నడిత్రోవలో ఆగిపోయినచో మంచు కరగక నిలువదు. నెల తిరుగునప్పటికి కట్టవలసిన కిస్తీయు ఆగదు. ఒక్క లారీని నమ్ముకొని బ్రతుకు కుటుంబములు మన ఊళ్లలో ఎన్నో కలవు. కావున ఆగిన లారీలో దేనిని మార్చవలెను, దేనిని మార్చరాదు అను ప్రశ్న ఒక్క మెకానిక్కులకే సంబంధించినది కాదు. అది ఆ కుటుంబముల అన్నమునకు సంబంధించినది.

పూర్వపు లారీలో డీజిలు పంపు కేవలము ఇనుప యంత్రము. ఇంజనుతోపాటు పళ్లచక్రముల సాయమున తిరుగుచు, ఏ సిలిండరునకు ఎప్పుడు ఎంత డీజిలు పంపవలెనో ఆ పంపులోని ఉక్కు అంగములే నిర్ణయించెడివి. బండి ఆగినచో మేస్త్రీ గొట్టము వదులుచేసి, గాలి తీసి, చెవితో విని, చేతితో తడిమి లోపమును పట్టుకొనెడివాడు. నేడు ఆ నిర్ణయమును చేయునది ఒక అల్యూమినియపు డబ్బా. పెద్ద పుస్తకమంత పరిమాణము గల ఆ డబ్బాలో ఇంజనును నడపు కంప్యూటర్ ఉన్నది. షెడ్లలో దీనిని ఈసీఎం అనియు, ఈసీయూ అనియు పిలుతురు. ఈ ప్రసంగములో మేము దానిని కంప్యూటర్ అనియే చెప్పుదుము.

లారీలోనికి ఈ కంప్యూటర్ వచ్చుటకు ముఖ్యకారణము పొగ. పొగ తగ్గవలెనన్నచో డీజిలు సన్నని తుంపరగా, సరియైన క్షణమున, కొలిచినంత మాత్రమే పడవలెను. ఇనుప పంపునకు అంతటి నేర్పు లేదు. 1995లో జపానునందు డెన్సో సంస్థవారు కామన్ రైల్ అను పద్ధతిని హినో లారీలో ప్రవేశపెట్టిరి. మన దేశమున భారత్ స్టేజ్ 4 ప్రమాణములు 2010లో 13 నగరములందును, 2017 ఏప్రిల్ 1 మొదలు దేశమంతటను అమలులోనికి వచ్చినవి. 2020 ఏప్రిల్ 1 మొదలు భారత్ స్టేజ్ 6 వచ్చినది. ఈ మెట్లు ఎక్కినకొలది కంప్యూటర్ లేని క్రొత్త లారీ అరుదైపోయినది. నాడు క్రొత్తవిగా వచ్చిన ఆ లారీలే నేడు పాతబడినవి. ఇనుము పాతబడినచో ఏమి చేయవలెనో మనవారు తరతరములుగా ఎరుగుదురు. కంప్యూటర్ పాతబడినచో ఏమి చేయవలెననునది క్రొత్తగా నేర్వవలసిన పాఠము.

ముందుగా అది చేయు పనిని గ్రహింతము. కామన్ రైల్ ఇంజనులో పంపు డీజిలును మందమైన ఉక్కు గొట్టములో నింపి గొప్ప ఒత్తిడితో నిలుపును. ఆ ఒత్తిడి 1,600 బార్ల వరకు ఉండుట సామాన్యము. లారీ టైరులోని గాలి ఒత్తిడి సుమారు 8 బార్లు. మన వంటింటి ప్రెషర్ కుక్కరులో విజిలు వేయునప్పటి అదనపు ఒత్తిడి సుమారు ఒక్క బారు. దీనినిబట్టి ఆ గొట్టములోని బలమును ఊహించుకొనవచ్చును. సిలిండరునకు ఒకటి చొప్పున ఉండు ఇంజెక్టరును విద్యుత్తు తెరచును. ఎప్పుడు తెరవవలెను, ఎంతసేపు తెరచియుంచవలెను అనునది కంప్యూటర్ లెక్క. సెకనులో వెయ్యవ వంతుల కాలములో ముగియవలసిన పని యగుటచేత లారీ బ్యాటరీల 24 వోల్టులు అందుకు చాలవు. కంప్యూటర్ తనలోని కండెన్సర్లలో అంతకంటె హెచ్చు వోల్టేజిని కూడబెట్టి ఒక్కసారిగా విడుచును. ఇంజను ఎంత వేగముగ తిరుగుచున్నది, నీరు ఎంత వేడెక్కినది, గొట్టములో ఒత్తిడి యెంత, డ్రైవరు కాలు ఆక్సిలేటరుపై ఎంత నొక్కినది అను వార్తలను సెన్సార్లు ఎప్పటికప్పుడు దానికి చేరవేయుచుండును.

ఇట్టి పరికరము ఏల పాడగును? రేడియో గల ఇండ్లవారికి ఈ వ్యాధి తెలియనిది కాదు. పాత రేడియో సెట్టు కొన్నేండ్లకు హమ్ము చేయ నారంభించును. రిపేరు చేయువాడు సెట్టు విప్పి, ఎలక్ట్రోలైటిక్ కండెన్సరును మార్చినచో ఆ రొద చాలవరకు పోవును. ఆ కండెన్సరులోని రసాయనము కాలక్రమమున ఎండిపోవుటయో, బయటికి కారుటయో అందుకు కారణము. లారీ కంప్యూటర్ కూడ ఈ జాతి వస్తువులతో చేయబడినదే. అమెరికాలో పికప్ ట్రక్కులకు ఇంజను కంప్యూటర్లు మనకంటె ఎంతో ముందుగా వచ్చినవి. కావున వాటి ముసలితనమును కూడ వారే ముందుగా చూచిరి. 1980లలోను 1990ల తొలినాళ్లలోను ఫోర్డు ట్రక్కులలో అమర్చిన ఈఈసీ-4 అను కంప్యూటర్లు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఏండ్లు గడచిన పిమ్మట వాటిలోని కండెన్సర్లనుండి రసాయనము కారి, పలకమీది సన్నని రాగి గీతలను తినివేయును. డబ్బా తెరచినచో చేపల వాసనవంటి వాసన వచ్చును. గీతలు తెగకముందే కనుగొని, శుభ్రపరచి, కండెన్సర్లు మార్చినచో అది మరల పనిచేయును. ఆలస్యమైనచో దానిని పారవేయవలసివచ్చును.

ముసలితనము గాక వేరు శత్రువులు కూడ కలవు. ఇంజను వేడికి పలక సాగి, చల్లబడినప్పుడు ముడుచుకొనుచు, వేలసార్లు ఇట్లు జరిగినమీదట టంకము బీటలువారును. గతుకుల రోడ్ల కుదుపు ఆ బీటలను పెంచును. సర్వీసింగులో వేగముగ కొట్టు నీటిధార కనెక్టరులోనికి దిగి పిన్నులకు పచ్చని చిలుము పట్టించును. వీటికంటె ఘోరమైనది వెల్డింగు. లారీ బాడీకి అతుకు వేయునప్పుడు బ్యాటరీ తీగలు తీయకుండ వెల్డింగు చేసినచో, ఆ కరెంటు ఛాసిస్ గుండ ప్రవహించి కంప్యూటర్ను క్షణములో కాల్చివేయగలదు. నూరు రూపాయల అతుకు బండి ప్రాణమునకు ముప్పు తెచ్చును.

అయినను మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట వేరొకటి. ఆగిన లారీలలో నిజముగా కంప్యూటర్ చెడినవి తక్కువ. కంప్యూటర్ చెడినదని నిందింపబడినవి ఎక్కువ. షెడ్డులో తరచుగా వినబడు సంభాషణ ఇది. “కంప్యూటర్ పోయింది ఓనరుగారూ, మార్చాల్సిందే” అని మేస్త్రీ అనును. “మారిస్తే ఖాయంగా నడుస్తుందా మేస్త్రీ?” అని యజమాని అడుగును. ఆ ప్రశ్నకు నిలకడైన జవాబు రానిచో డబ్బు తీయుటకు ఇది వేళ కాదని యజమాని గ్రహింపవలెను. మార్చిన పిమ్మట బండి నడువనిచో, చాల దుకాణములలో ఎలక్ట్రికల్ సామాను వెనుకకు తీసికొనరు. పైగా అసలు లోపము తీగలో ఉన్నచో క్రొత్త కంప్యూటర్ కూడ దానిచేతనే కాలిపోవచ్చును.

స్కానరు చూపిన కోడును చూచి భాగమును మార్చుట సామాన్యమైన పొరపాటు. కోడు ఏ త్రోవలో తప్పు జరిగినదో చెప్పును గాని ఏ వస్తువు చెడినదో చెప్పదు. ఒత్తిడి సెన్సారు కోడు వచ్చినదనుకొందము. చెడినది సెన్సారు కావచ్చును, ఎలుక కొరికిన తీగ కావచ్చును, వదులైన సాకెట్టు కావచ్చును, నిజముగా ఒత్తిడియే తక్కువ కావచ్చును. వీటన్నిటి తరువాతనే కంప్యూటర్ వంతు. కావున పరీక్ష కొక క్రమము అవసరము.

మొదట బ్యాటరీ చూడవలెను. 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి 24 వోల్టులు ఇచ్చును. ఇంజను నడుచునప్పుడు డైనమో దానిని 28 వోల్టుల ప్రాంతమున ఉంచును. సెల్ఫు తిరుగునప్పుడు వోల్టేజి మిక్కిలి పడిపోయినచో కంప్యూటర్ మేలుకొనకయే ఊరకుండును; అప్పుడు లోపము బ్యాటరీది. పిదప కంప్యూటర్ సాకెట్టువద్ద కరెంటు వచ్చు తీగలను, ఎర్తు తీగలను కొలువవలెను. తాళము వేసియున్నప్పుడు కంప్యూటర్ ఎర్తు పిన్నునకును బ్యాటరీ ఋణధ్రువమునకును మధ్య వోల్టులో పదవ వంతుకు మించి తేడా కనబడినచో ఎర్తు చెడినదని గ్రహింపవలెను. ఛాసిస్ మీద తుప్పు పట్టిన ఒక్క బోల్టు, కంప్యూటర్ చెడినప్పుడు కనబడు లక్షణములన్నిటిని చూపగలదు. దానిని విప్పి, గీరి, బిగించుటకు అయ్యెడి ఖర్చు ఉప్పుకాగితము ధర. ఫ్యూజులు, మెయిన్ రిలే ఆ తరువాతివి.

మూడవది సెన్సార్లకు పోవు 5 వోల్టుల కరెంటు. దానిని పంపునది కంప్యూటరే. ఒక్క సెన్సారు లోపల షార్టు అయినచో ఆ 5 వోల్టులు కుప్పకూలి, దానిపై ఆధారపడిన సెన్సార్లన్నియు ఒకేసారి చెడినట్లు తోచును. కంప్యూటరే చచ్చినట్లు కనబడును. సెన్సార్ల సాకెట్టులను ఒక్కొక్కటిగా ఊడదీయుచు మీటరు చూచినచో, దోషి ఊడిన క్షణమున 5 వోల్టులు తిరిగి నిలుచును. నాల్గవది, కంప్యూటరునకును ఇతర పరికరములకును నడుమ వార్తలు మోయు జంట తీగలు. వాటి రెండు కొసలను 120 ఓముల నిరోధములు రెండు ఉండును. బ్యాటరీ తీసి కొలిచినచో రెండును కలిసి 60 ఓములు చూపవలెను. 120 చూపినచో ఎక్కడో తీగ తెగినదో, ఒక కొస నిరోధము పోయినదో అని తెలిసికొనవచ్చును. ఈ పనులన్నిటికి మల్టీమీటరు వాడవలెను గాని బల్బు గుచ్చిన టెస్టరు వాడరాదు. బల్బు లాగు కరెంటు కంప్యూటర్లోని సున్నితమైన భాగములకు హాని చేయగలదు.

కరెంటు సరిగా ఉండి, ఎర్తు సరిగా ఉండి, తీగలు సరిగా ఉండి, సెన్సారు పంపిన వార్త కంప్యూటర్ పిన్నువరకు వచ్చియు, ఇంజెక్టరునకు పోవలసిన ఆజ్ఞ బయటికి రానప్పుడే కంప్యూటర్ను దోషిగా నిర్ణయింపవలెను. ఉదయము చల్లగా ఉన్నప్పుడు నడచి, మధ్యాహ్నము వేడెక్కినంతనే ఆగి, చల్లబడినచో మరల నడచు బండి విషయమున టంకపు బీటను అనుమానింపవచ్చును. డబ్బాకు కొంచెము వెచ్చని గాలి సోకించినప్పుడో, మెల్లగా తట్టినప్పుడో లోపము తిరిగి కనబడినచో అనుమానము బలపడును.

దోషము ఋజువైన తరువాత మార్గములు మూడు. కంపెనీనుండి క్రొత్తది కొనుట ఒకటి. ఖర్చు హెచ్చు, పాత మోడలైనచో దొరకకపోవచ్చును. తుక్కుక్రింద విప్పిన లారీనుండి తీసినది కొనుట రెండవది. ధర తక్కువ, కాని దాని పూర్వచరిత్ర మనకు తెలియదు. ఉన్నదానినే ఎలక్ట్రానిక్సు తెలిసినవానిచే బాగుచేయించుట మూడవది. కండెన్సరు, టంకము, పిన్ను చెడినప్పుడు ఇది అన్నిటికంటె మేలైన మార్గము. ఏలయన బండికి సంబంధించిన జ్ఞాపకము చెక్కుచెదరక అందే ఉండును. పలకయే కాలిపోయినప్పుడు ఈ మార్గము మూసికొనిపోవును.

ఈ జ్ఞాపకము అనునది ఏమి? కంప్యూటర్ వేరు, దానికి తెలిసిన విద్య వేరు. 1987 మొదలు 1995 వరకు వచ్చిన జనరల్ మోటార్సు పెట్రోలు ట్రక్కులలో ఈ భేదము కంటికి కనబడెడిది. దుకాణములో కొన్న కంప్యూటర్ ఉత్త డబ్బా. ఆ బండి బరువు, గేరు, ఇంజను పరిమాణములకు తగిన లెక్కలన్నియు వ్రేలెడంత చిప్పులో ఉండెడివి. పాత డబ్బా తెరచి, ఆ చిప్పును జాగ్రత్తగా ఊడదీసి క్రొత్తదానిలో నాటెడివారు. నేటి లారీలలో ఆ చిప్పు చేతికి రాదు. ఆ విద్యను తీగ ద్వారా లాప్‌టాప్‌నుండి ఎక్కింపవలెను. పైన ముద్రించిన నంబరు ఒక్కటే అయినను లోపలి ప్రోగ్రాము వేరుకావచ్చును. టిప్పరునకు వ్రాసిన లెక్క దూరప్రయాణపు లారీకి సరిపడదు. తాళపుచెవిని గుర్తించు ఏర్పాటు ఉన్న బండిలో క్రొత్త కంప్యూటర్ ఆ చెవిని గుర్తింపనిచో ఇంజను కదలనే కదలదు. ఇంజెక్టర్లు కూడ తయారీలో వెంట్రుకవాసి తేడాతో వచ్చును గనుక, చాల ఇంజనులలో ఒక్కొక్కదానిపై దాని స్వభావమును తెలుపు కోడు ముద్రించియుందురు. దానిని ఏ సిలిండరునకు ఏదియో చూచి ఎక్కింపవలెను. ఎక్కింపనిచో బండి నడచును గాని, పొగ వదలుచు, వణకుచు, డీజిలు హెచ్చుగా త్రాగుచు నడచును.

ఇక మార్చు విధానము. పాత కంప్యూటర్ ఇంకను మాటలాడుచున్నచో, విప్పకముందే స్కానరుతో దానిలోని ప్రోగ్రాము నంబరును, ఇంజెక్టరు కోడులను, తిరిగిన కిలోమీటర్లను వ్రాసికొనవలెను. పిదప తాళము తీసి, కొన్ని నిమిషములు ఆగి, బ్యాటరీ తీగలు విప్పవలెను. చేతిలోని స్థిరవిద్యుత్తు పోవుటకై ఛాసిస్ ఇనుమును తాకి అప్పుడు సాకెట్టు ముట్టవలెను. వంగిన పిన్ను, చిలుము, తేమ ఉన్నవేమో వెలుతురులో చూడవలెను. రబ్బరు దిమ్మెలు అరిగియున్నచో మార్చవలెను. కుదుపును ఆపునవి అవే. ప్రోగ్రాము ఎక్కించు సమయమున బ్యాటరీకి తగిన చార్జరు తగిలించియుండవలెను. నడుమ కరెంటు పడిపోయినచో సగము చదువుకొన్న కంప్యూటర్ దేనికిని కొరగాకపోవచ్చును. అన్నియు ముగిసినపిదప వెంటనే సెల్ఫు కొట్టరాదు. తాళము మాత్రము వేసి స్కానరులో అంకెలు చూడవలెను. రాత్రంతయు నిలిచిన బండిలో నీటి వేడి, గాలి వేడి రమారమి ఒకటిగా ఉండవలెను. ఒకటి 30 డిగ్రీలు, మరియొకటి 90 డిగ్రీలు చూపినచో ఇంకను తప్పు మిగిలినదన్నమాట. ఖాళీగా నడచిన బండి లోడుతో నడువకపోవచ్చును గనుక లోడుతో కొంతదూరము నడిపి చూచినగాని పని ముగిసినట్లు కాదు.

ఇచట ఒక హెచ్చరిక. ఇంజను నడుచునప్పుడు ఆ హెచ్చు ఒత్తిడి గొట్టముల నట్టు వదులుచేయరాదు. కారుచున్నదేమో అని చేయి పెట్టి చూడరాదు. పాత పంపుల కాలపు ఈ అలవాటు నేడు ప్రాణాపాయము. ఆ వేగముతో వచ్చు డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిగుచ్చినంత గాయము కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలసినదే.

మార్చుటకంటె కాపాడుకొనుట సులభము. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలతోపాటు కంప్యూటర్ సాకెట్టును కూడ ఊడదీయవలెను. వెల్డింగు ఎర్తును అతుకు వేయు చోటికి దగ్గరగా బిగింపవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ తీసి డైనమోను పరీక్షించు పాత పద్ధతిని మానవలెను. తీసిన క్షణమున వోల్టేజి ఎగసి కంప్యూటర్ను దెబ్బతీయును. నీటిధారను సాకెట్టులపై కొట్టరాదు. పత్తి, ధాన్యము మోయు బండ్లలో ఎలుకలు చేరకుండ చూచుకొనవలెను.

తుదకు ఒక్క సంగతి. ఇనుప పంపు కాలమున మేస్త్రీ విద్య మేస్త్రీ చేతిలో ఉండెడిది. తండ్రి కొడుకునకు, గురువు శిష్యునకు నేర్పుకొనుచు విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఆ విద్య పెరిగినది. నేడు ఇంజను విద్యలో సగము కంపెనీ తాళము వేసిన ప్రోగ్రాములో ఉన్నది. లారీ కొన్నవాడు దాని ఇనుమును మాత్రమే కొన్నాడా, దానిని బాగుచేసికొను హక్కును కూడ కొన్నాడా అను వాదము పలు దేశములలో సాగుచున్నది. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున 2012లో మోటారు బండ్ల మరమ్మతు హక్కు చట్టము వచ్చినది. మన దేశమున 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును తెరచినది; అందు మోటారు వాహనములు కూడ చేరియున్నవి. పాత లారీల యజమానులకు ఇది చిన్న విషయము కాదు. కంపెనీ దృష్టిలో ఆ బండి కాలము తీరియుండవచ్చును. దానిమీద బ్రతుకువానికి మాత్రము ఈ రాత్రి లోడు, రేపటి కిస్తీ ఇంకను మిగిలియున్నవి.

కావున లారీ గల శ్రోతలకు మా మనవి ఒక్కటే. బండి చక్కగా నడుచుచున్న ఈ రోజుననే దాని కంప్యూటర్ నంబరును, ప్రోగ్రాము నంబరును, ఇంజెక్టరు కోడులను సిలిండర్ల వరుసలో ఒక కాగితముమీద వ్రాయించి, ఆర్‌సీ పుస్తకముతోపాటు భద్రపరచుకొనుడు. కంప్యూటర్ నిజముగా మూగవోయిననాడు దాని పక్షమున మాటలాడునది ఆ కాగితమే.